చెక్క ఇల్లు కట్టిస్తున్నారా? షీట్‌రాక్ బిగించేలోపు తేల్చుకోవాల్సినవి

మినియాపొలిస్ దగ్గర మేము కొన్న మొదటి ఇంట్లో రెండో ఏడాది మార్చిలో సీలింగ్ నుంచి నీళ్లు కారాయి. బయట చుక్క వాన లేదు, ఫెళఫెళా ఎండ కాస్తోంది. రూఫ్ లీకే అనుకుని మనిషిని పిలిచాం. ఆయన పైకప్పు జోలికి పోకుండా టార్చి పట్టుకుని అటక ఎక్కాడు. కాసేపటికి నన్నూ రమ్మన్నాడు. కప్పు చెక్కలోంచి కిందికి పొడుచుకొచ్చిన ప్రతి మేకు మొనకీ ఒక మంచు పూస వేలాడుతోంది. అలాంటివి వందలున్నాయి, అన్నీ ఒకేసారి కరుగుతున్నాయి. బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం బయటికి పోవాల్సింది, అతుకు ఊడిపోయి అటకలోనే పడి ఉంది. చలికాలమంతా మా స్నానాల ఆవిరి, వంటల ఆవిరి అక్కడ చేరి గడ్డకట్టింది. ఎండ తగలగానే వాన కురిసింది.

ఆ ఇల్లు అమ్మేశాక స్థలం కొని, ఒక చిన్న బిల్డర్‌తో మాట్లాడుకుని ఇంకో ఇల్లు కట్టించుకున్నాం. ఈసారి కౌంటర్‌టాప్ రాయి గురించి ఎంత తల బద్దలుకొట్టుకున్నామో, గోడలో ఏమేం పొరలుండాలి, ఇంట్లోకి గాలి ఎలా రావాలి అన్నదాని గురించీ అంతే కొట్టుకున్నాం. మొదట్లో ఈ రెంటినీ వేర్వేరుగా చూశాను, అదే పొరపాటు. ఫ్యాన్ ఎటు లాగుతుందో, ఎటు తోస్తుందో దాన్నిబట్టే గోడ తడుస్తుందా లేదా అన్నది ఉంటుంది. అమెరికాలో ఇల్లు కట్టించుకుంటున్న మనవాళ్లకి పనికొస్తుందని ఆ పనులు వరసగా రాస్తున్నాను. పెద్ద బిల్డర్ దగ్గర కమ్యూనిటీలో కొంటుంటే గోడ పొరలు మార్చనివ్వరు. అలాంటివాళ్లు కూడా జోన్ చూసుకుని, షీట్‌రాక్ (గోడలకి లోపలివైపు కొట్టే జిప్సం పలక) ముందు చేసే తనిఖీ నుంచి చివరిదాకా చదివితే చాలు.

ముందుగా, "గోడ ఊపిరి పీల్చాలి" అన్న మాట గురించి

ఈ మాట మీకు ఎవరో ఒకరు చెప్తారు. "అంత టైట్‌గా కట్టకండి, ఇల్లు ఊపిరాడక కుళ్లిపోతుంది" అని. ఇందులో సగం నిజం. గాలి వేరు, ఆవిరి వేరు. గోడలోంచి ఆవిరి మెల్లగా దాటి బయటపడగలగాలి, అది మంచిది. గాలి దూరకూడదు, అది చెడ్డది. మట్టికుండ చెమరుస్తుంది కానీ కారదు కదా. మనకి కావాల్సింది ఆ కుండ, చిల్లికుండ కాదు.

తేడా ఎంతో చెప్పడానికి భవన నిపుణులు తరచుగా చూపే లెక్క ఒకటుంది. 4 అడుగులు x 8 అడుగుల షీట్‌రాక్ పలకలోంచి ఒక చలికాలం మొత్తంలో ఆవిరి రూపంలో దాటే నీరు క్వార్టులో మూడో వంతు, అంటే పావు లీటరు పైచిలుకు. అదే పలకకి ఒక చదరపు అంగుళం చిల్లు పెడితే, ఆ చిల్లులోంచి గాలితో పాటు వెళ్లే నీరు 30 క్వార్టులు. అంటే దాదాపు 28 లీటర్లు, మన ప్లాస్టిక్ బకెట్ ఒకటిన్నర. అందుకే ఎవరైనా ఆవిరి పొర గురించి గంటసేపు మాట్లాడి చిల్లుల గురించి మాట్లాడకపోతే, ఆ సలహా పక్కన పెట్టేయండి.

ఇటుక, సిమెంటు ఇళ్లలో పెరిగిన మనకి ఇదంతా చాదస్తంగా అనిపిస్తుంది. ఊళ్లో గోడ తడిసినా ఎండకి ఆరిపోతుంది, మహా అయితే సున్నం పెచ్చులూడుతుంది. ఇక్కడ గోడకి ఎముకలు చెక్క. చెక్కలో తేమ 28, 30 శాతం దగ్గరికి చేరి అలాగే ఉండిపోతే అది చివికిపోతుంది, అదీ మీకు కనపడని చోట.

మీ ఊరు ఏ జోన్‌లో ఉందో చూడండి

అమెరికా ఎనర్జీ కోడ్ దేశాన్ని 1 నుంచి 8 దాకా వాతావరణ జోన్‌లుగా విడగొట్టింది. హ్యూస్టన్ 2, డాలస్ 3, షికాగో, బోస్టన్ 5, మినియాపొలిస్ 6, ఇంకా పైన డులూత్ 7. న్యూజెర్సీ కొంత 4, కొంత 5. సియాటిల్‌ది మెరైన్ 4, దానికి చలి జోన్‌ల నియమాలే వర్తిస్తాయి. మీ కౌంటీ పేరు కొట్టి వెతికితే జోన్ తెలిసిపోతుంది.

ఇదెందుకంటే, ఆవిరి ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి, వెచ్చటి వైపు నుంచి చల్లటి వైపుకి నడుస్తుంది. మినియాపొలిస్ జనవరిలో లోపలి నుంచి బయటికి. హ్యూస్టన్ జులైలో బయటి నుంచి లోపలికి. కాబట్టి అక్కడి గోడని ఇక్కడికి తెచ్చి కట్టకూడదు. షికాగోలో ఉన్న బావగారు చెప్పారని టెక్సస్‌లో గోడ లోపల పాలిథీన్ షీటు వేయించబోయిన స్నేహితుణ్ణి చివరి నిమిషంలో ఆపాను.

ఇంకో మాట నేర్చుకోండి, పర్మ్. ఒక పొరని ఆవిరి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే లెక్క అది. 0.1 పర్మ్ లేదా అంతకన్నా తక్కువైతే క్లాస్ 1, అంటే దాదాపు మూత. పాలిథీన్, అల్యూమినియం రేకు ఇందులోకి వస్తాయి. 0.1 దాటి 1 దాకా క్లాస్ 2, ఫైబర్‌గ్లాస్‌కి అంటించి వచ్చే గోధుమరంగు క్రాఫ్ట్ కాగితం ఇదే. 1 దాటి 10 దాకా క్లాస్ 3, గోడకి వేసే మామూలు లేటెక్స్ పెయింట్. సామాను డబ్బా మీదో, కంపెనీ డేటా షీట్‌లోనో ఈ అంకె ఉంటుంది. బిల్డర్‌ని అడగండి, తెలియదంటే సామాను పేరు రాసుకుని మీరే చూసుకోండి.

చలి ప్రాంతంలో గోడ

మాది 2x6 గోడ, అంటే స్టడ్‌లు (గోడలోని నిలువు చెక్కలు) ఆ సైజువి. పేరుకి ఆరంగుళాలు, టేపు పెడితే అయిదున్నర. లోపలి నుంచి బయటికి వరసగా చెప్తాను. పెయింట్, అరంగుళం షీట్‌రాక్, స్టడ్‌ల మధ్య ఒత్తుగా కూరిన సెల్యులోజ్ (పాత పేపర్ల నుజ్జు, బోరేట్ కలిపినది), దానిమీద ఓఎస్‌బీ పలక (చెక్క పేళ్లు అతికించి చేసినది), దానిమీద హౌస్‌ర్యాప్ (వాన నీటిని ఆపి ఆవిరిని వదిలే షీటు), దానిమీద మూడంగుళాల రాక్‌వూల్ (రాతి నూలు) బోర్డు, ఆ బోర్డు మీంచి నిలువుగా బిగించిన ముప్పావంగుళం చెక్క బద్దలు, చివర సైడింగ్, అంటే బయటికి కనిపించే తొడుగు.

మొత్తం గోడలో జబ్బు చేసేది ఓఎస్‌బీకి. చలికాలంలో లోపలి ఆవిరి వెళ్లి తగిలే మొదటి చల్లటి పలక అదే. అందుకని ఆ పలకని వెచ్చగా ఉంచడమే ఇక్కడ పని. లెక్క తేలిక. లోపల 70 డిగ్రీల ఫారెన్‌హీట్, బయట 15 అనుకోండి. బయటి బోర్డు లేకుండా స్టడ్‌ల మధ్య ఇన్సులేషన్ ఒక్కటే ఉంటే ఓఎస్‌బీ లోపలి ముఖం 20 డిగ్రీల లోపే, అంటే మంచు పట్టే చలి. ఆర్ అంటే వేడిని ఆపే బలం. స్టడ్‌ల మధ్య ఆర్-20, బయట ఆర్-12 ఉంటే మొత్తం 32లో 12 వంతుల వెచ్చదనం పలక దగ్గర మిగులుతుంది, అది 35 డిగ్రీలకి చేరుతుంది. ఇంట్లో తేమ 30 శాతం ఉన్నప్పుడు ఆవిరి నీటిబొట్టుగా మారే డిగ్రీ 37. తేడా రెండు డిగ్రీలే. కాబట్టి పట్టే చెమ్మ కొంచెమే, అదీ రాక్‌వూల్‌లోంచి బయటికి ఆరిపోతుంది. ఇంట్లో తేమ 50 శాతం పెట్టుకుంటే మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది, ఆ సంగతి చివర్లో చెప్తాను.

కోడ్ కూడా ఇదే లెక్క మీద నడుస్తుంది. 2x6 గోడకి బయటివైపు ఎడతెగని ఇన్సులేషన్ జోన్ 5లో ఆర్-7.5, జోన్ 6లో ఆర్-11.25, జోన్ 7లో ఆర్-15 ఉంటే, లోపలివైపు వేరే ఆవిరి పొర అక్కర్లేదు, పెయింటే సరిపోతుంది. 2x4 గోడకి అవే జోన్‌లలో 5, 7.5, 10. రాక్‌వూల్ బోర్డు అంగుళానికి ఆర్-4 చొప్పున ఇస్తుంది. మా మూడంగుళాలు అలా తేలాయి.

ఇక్కడ బిల్డర్లు చేసే పొరపాటు ఒకటుంది. ఖర్చు తగ్గించడానికి జోన్ 6లో 2x6 గోడకి ఒక్క అంగుళం ఫోమ్ వేస్తామంటారు. అది ఆర్-5 మాత్రమే, పలక వెచ్చబడదు. పైగా ఆ ఫోమ్ ఒక పర్మ్‌కి అటూఇటూ, పట్టిన చెమ్మ బయటికి ఆరదు. వేస్తే సరిపడా వేయండి, లేకపోతే మానేయండి, మధ్యలో ఆగితేనే ప్రమాదం. దానికి తోడు లోపల పాలిథీన్ కూడా ఉంటే గోడ రెండువైపులా మూతపెట్టిన గిన్నె. కిటికీ మూల నుంచి ఒక గ్లాసు వాన నీళ్లు దూరినా ఆ నీళ్లు ఎటు పోతాయి?

బయటి బోర్డుకి బడ్జెట్ కుదరని వాళ్లకి నేను చెప్పేది స్మార్ట్ మెంబ్రేన్. చూడ్డానికి పాలిథీన్ షీటులా ఉంటుంది కానీ తేమనిబట్టి మారే పొర. పొడిగా ఉన్నప్పుడు ఒక పర్మ్ కన్నా తక్కువ, చుట్టూ తేమ పెరిగితే తెరుచుకుని పది పర్మ్‌లు దాటుతుంది. చలికాలంలో లోపలి ఆవిరిని ఆపుతుంది, ఎండాకాలంలో గోడ చెమ్మని ఏసీ ఉన్న గదిలోకి వదిలేస్తుంది. జర్మనీలోని హోల్జ్‌కిర్చెన్‌లో ఫ్రాన్‌హోఫర్ సంస్థ భవన భౌతికశాస్త్ర విభాగం చేసిన పరిశోధన నుంచి ఈ రకం పొర వచ్చింది. మెమ్‌బ్రెయిన్ (MemBrain), ఇంటెల్లో అన్న పేర్లతో దొరుకుతుంది. షీట్‌రాక్ వెనక దీన్ని వేసి అతుకులన్నీ టేపు వేయిస్తే గాలిని కూడా ఇదే ఆపుతుంది.

టెక్సస్ లాంటి చోట

డాలస్‌లో కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు "మాది ఇటుక ఇల్లు" అని గర్వంగా చెప్తారు. ఇటుక చొక్కా మాత్రమే. లోపల ఉన్నది చెక్క ఫ్రేమే. ఆ ఇటుకకీ ఫ్రేమ్‌కీ మధ్య ఒక అంగుళం ఖాళీ ఉంటుంది.

ఇటుక వాన నీళ్లు తాగుతుంది. వాన వెలిసి ఎండ కాయగానే ఆ నీరు ఆవిరై, సగం బయటికీ సగం లోపలికీ తోసుకొస్తుంది. లోపల ఏసీ 74లో పెట్టి ఉంటుంది. కాబట్టి ఇక్కడ లోపలివైపు ఆవిరిని ఆపే పొర ఏదీ ఉండకూడదు, పాలిథీన్ అసలే వద్దు. బాత్రూమ్‌లో, పూజగదిలో అందంగా ఉంటుందని బయటి గోడకి వినైల్ వాల్‌పేపర్ అంటించినా అదే తప్పు, కాగితం వెనక నల్లటి బూజు మరకలు తేలుతాయి. బయటివైపు మాత్రం ఆవిరిని తగ్గించే పలక, రేకు అంటించిన ఫోమ్ బోర్డు లాంటిది, ఇక్కడ మంచిదే. లోపల మామూలు పెయింట్ వేయండి, గోడ గదివైపుకి ఆరుతుంది.

ఇటుక గోడ అడుగు వరసలో అక్కడక్కడా నిలువు సందులు కనిపిస్తాయి. చీమలు, తేళ్లు వస్తాయని చాలామంది సిలికాన్‌తో వాటిని మూసేస్తారు. దయచేసి మూయకండి. ఇటుక వెనక కారిన నీళ్లు బయటికి వచ్చే దారి అదొక్కటే. పురుగుల భయం ఉంటే స్టీలు జాలీ పెట్టించండి.

సైడింగ్ వెనక సందు

ఏ జోన్ అయినా సరే, ఒక్క అదనపు ఖర్చే పెట్టగలం అంటే దీనికే పెట్టండి అంటాను. సైడింగ్‌ని హౌస్‌ర్యాప్ మీద నేరుగా కొట్టకుండా, మధ్య బద్దలు వేసి ముప్పావంగుళం సందు వదలడం. అడుగున, పైన జాలీ. దూరిన వాన నీరు కిందికి జారిపోతుంది, మిగిలిన చెమ్మని సందులో ఆడే గాలి ఆరబెడుతుంది.

ఇది లేక దెబ్బతిన్న ఊళ్లున్నాయి. నార్త్ కెరొలైనాలోని విల్మింగ్టన్‌లో 1990ల మధ్యలో, ఫోమ్ మీద సన్నటి పూత పూసిన ఇళ్ల గోడల్లో చెక్క కుళ్లిపోయి కనిపించింది. కిటికీల పక్కనుంచి దూరిన నీరు బయటికి రాలేకపోయింది. కెనడాలో వాంకూవర్ చుట్టుపక్కల వేల కండోలకి ఇదే పట్టింది, 1998లో విచారణ సంఘమే వేశారు. ఆ తర్వాత అక్కడ కొత్త ఇళ్లకి ఈ సందు తప్పనిసరి అయింది.

కిటికీల దగ్గర రెండు నిమిషాలు ఆగండి. కిటికీ కూర్చునే అడుగు గట్టు బయటికి వాలుగా ఉందా, దానిమీద టేపు మూలల్లోంచి పైకి మడిచారా అన్నది కిటికీ బిగించేముందే చూడాలి. ఫోటో తీసుకోండి. తర్వాత చూడ్డానికి ఉండదు.

షీట్‌రాక్ ముందు ఒక రోజు సెలవు పెట్టండి

బిల్డర్లు ప్రీ-డ్రైవాల్ వాక్ (డ్రైవాల్ అన్నా షీట్‌రాకే) అని పిలిచి అరగంటలో తిప్పి పంపేస్తారు. అది చాలదు. నలభై యాభై డాలర్లకి సూదుల తేమ మీటర్ దొరుకుతుంది, కొనుక్కుని వెళ్లండి. వాన పడ్డ వారమైతే మరీ ముఖ్యం. అడుగున పడుకోబెట్టిన చెక్కలో, కిటికీల కింద, మెట్ల పక్కన గుచ్చి చూడండి. 19 దాటితే మూయనివ్వకండి, 15, 16కి దిగేదాకా ఆగమనండి. కలప మీద 19 శాతం లోపు ఆరబెట్టామని కేడీ-19 ముద్ర ఉంటుంది కానీ అది మిల్లు గేటు దాటినప్పటి సంగతి. మా ఇంట్లో ఈశాన్యం మూల 24 చూపించింది. ఆ మూలకి ఫ్యాన్ పెట్టి తొమ్మిది రోజులు ఆపాం. బిల్డర్ ముఖం మాడ్చుకున్నాడు, పోనీలెండి.

తర్వాత గాలి. ఇంటి ప్లాన్ తీసుకుని, గాలిని ఆపే పొర ఏదో దానిమీద పెన్నుతో గీయమనండి. మెలికల ముగ్గు వేసినట్టు చెయ్యి ఎత్తకుండా ఇంటి చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికి రావాలి. ఎక్కడ పెన్ను ఎత్తారో అక్కడ చిల్లు ఉంది. సాధారణంగా ఎత్తే చోట్లు ఇవి: అంతస్తులు కలిసే దగ్గర అంచు దూలం, అటక మూత, బాత్‌టబ్ వెనక గోడ, గ్యారేజీకీ ఇంటికీ మధ్య గోడ, సీలింగ్‌లో గుచ్చిన లైట్లు.

బ్లోయర్ డోర్ పరీక్ష చివర్లో ఎలాగూ చేస్తారు. తలుపులో పెద్ద ఫ్యాన్ బిగించి, ఇంటికీ బయటికీ 50 పాస్కల్ గాలి పీడనం తేడా పెట్టి, గంటకి ఇంటి గాలి ఎన్నిసార్లు మారుతోందో కొలుస్తారు. 2021 నాటి కోడ్ ప్రకారం 3 నుంచి 8 జోన్‌లలో 3 లోపు ఉండాలి, 1, 2 జోన్‌లలో 5 లోపు. పాసివ్ హౌస్ (చాలా తక్కువ ఇంధనంతో నడిచే ఇళ్ల ప్రమాణం) వాళ్లది 0.6. షీట్‌రాక్ బిగించకముందు ఇంకోసారి సొంత ఖర్చుతో చేయించండి, ఎందుకంటే చిల్లు దొరికితే పూడ్చే వీలు అప్పుడే ఉంటుంది. ఫ్యాన్ లాగుతుండగా నేను అగరుబత్తి వెలిగించి గోడల వెంట తిరిగాను. అంచు దూలం దగ్గర పొగ నిటారుగా లేవకుండా అడ్డంగా పడిపోయింది. టెస్ట్ చేసే అతను తన ఖరీదైన పొగ గొట్టాన్ని పక్కనపెట్టి, ఇదేదో బాగుందే, వాసన కూడా బాగుంది అన్నాడు. మొదటిసారి 2.6 వచ్చింది, పూడ్చాక 1.3.

ఇంత బిగించాక గాలి ఎలా?

మెషీన్‌తో. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1977లో కెనడాలోని రెజైనాలో హెరాల్డ్ ఓర్ బృందం సస్కాచెవాన్ కన్సర్వేషన్ హౌస్ కట్టినప్పుడే, ఇంత బిగుతైన ఇంటికి వెచ్చదనం పోకుండా గాలి మార్చే యంత్రం ఉండాలని దాన్ని కూడా పెట్టారు.

మూడు దారులున్నాయి. ఒకటి, బాత్రూమ్ ఫ్యాన్‌ని ఎప్పుడూ నడుపుతూ గాలిని బయటికి లాగడం. చవక, బిల్డర్లు ఇష్టంగా పెట్టేది ఇదే. అయితే లాగిన గాలికి బదులు ఎక్కడినుంచో ఒకచోట నుంచి రావాలి కదా, గోడ సందుల్లోంచి వస్తుంది. మినియాపొలిస్ చలిలో వచ్చే గాలి పొడిగా ఉంటుంది కాబట్టి గోడ తడవదు కానీ, గ్యారేజీ నుంచి కారు పొగ కూడా రావచ్చు. హ్యూస్టన్‌లో ఇదే పని చేస్తే బయటి ఉక్కపోత గాలి గోడలోకి దూరి, ఏసీతో చల్లబడ్డ షీట్‌రాక్ వెనక నీరు పడుతుంది. రెండోది, బయటి గాలిని లోపలికి తోయడం. హ్యూస్టన్‌లో గోడకి మంచిది, చలి ఊళ్లో ఇంటి తేమని బలవంతంగా గోడల్లోకి కుక్కినట్టే. మూడోది, ఎంత లాగితే అంత తోసే సమతూకం. హెచ్‌ఆర్‌వీ, ఈఆర్‌వీ అనేవి ఇవే. గోడని ఎటూ నెట్టవు. పైగా బయటికి పోయే గాలి వేడిని లోపలికొచ్చే గాలికి అందిస్తాయి. డబ్బు కుదిరితే ఇదే పెట్టించండి.

హెచ్‌ఆర్‌వీ వేడిని మాత్రమే మార్చుతుంది, ఈఆర్‌వీ తేమని కూడా కొంత మార్చుతుంది. చలి ఊళ్లో పెద్ద ఇల్లు, నలుగురు మనుషులైతే ఈఆర్‌వీ, లేకపోతే జనవరిలో ఇల్లు ఎండిపోయి పిల్లల ముక్కుల్లోంచి రక్తం వస్తుంది. చిన్న ఇల్లు, ఊరి నుంచి అమ్మానాన్నలు కూడా వచ్చి ఆరుగురు, మూడు పూటలా వంట అయితే హెచ్‌ఆర్‌వీ నయం. టెక్సస్‌లో ఈఆర్‌వీయే. అయితే అది వచ్చే తేమని తగ్గిస్తుందే కానీ ఉన్న తేమని తీసేయదు. ఏసీ పెద్దగా నడవని అక్టోబర్, ఏప్రిల్ నెలల కోసం డీహ్యూమిడిఫైయర్ విడిగా కావాలి.

సైజు లెక్క మీరే వేసుకోవచ్చు. ఆష్రే 62.2 (ఇళ్లలో గాలి మార్పిడికి అమెరికా ఇంజినీర్ల సంఘం పెట్టిన ప్రమాణం) ప్రకారం చదరపు అడుగుల్ని 0.03తో గుణించి, బెడ్‌రూమ్‌ల సంఖ్యకి ఒకటి కలిపి 7.5తో గుణించి, రెండూ కూడాలి. 2,400 చదరపు అడుగులు, నాలుగు బెడ్‌రూమ్‌లైతే 72కి 37.5 కలిపి దాదాపు 110 సీఎఫ్‌ఎమ్, అంటే నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి. సరిగ్గా 110 ఇచ్చేది కొనకండి, 180, 200 ఇచ్చేది కొని సగం స్పీడులో నడపండి. చప్పుడుండదు, చుట్టాలొచ్చిన రోజు పెంచుకోవచ్చు. తాజా గాలి బెడ్‌రూమ్‌ల్లోకి రావాలి, పాత గాలి బాత్రూమ్‌ల నుంచి పోవాలి. బయట గాలి పీల్చే మూతి డ్రైయర్, పొయ్యి మీది హుడ్, ఫర్నేస్ గొట్టాలకి పదడుగుల దూరంలో, మంచు పేరుకునే ఎత్తుకి పైన ఉండాలి. పని అయ్యాక ప్రతి గదిలో ఎంత గాలి వస్తోందో కొలిచిన కాగితం అడగండి. చాలామంది కొలవరు, గొట్టాలు కలిపి వెళ్లిపోతారు.

మన వంటిల్లు

మెషీన్ కంపెనీల లెక్కల్లో మన వంట ఉండదు. పొద్దున ఇడ్లీ పాత్ర, మధ్యాహ్నం కుక్కర్ అయిదు కూతలు, సాయంత్రం దోసెలు, మధ్యలో తాలింపు. నలుగురున్న ఇంట్లో రోజుకి పది లీటర్ల నీరు ఆవిరిగా మారుతుందని మామూలు అంచనా. గ్యాస్ పొయ్యి అయితే మంట కూడా నీటి ఆవిరిని పుట్టిస్తుంది. మేము ఇండక్షన్‌కి మారాం, పుల్కా కోసం మా ఆవిడ ఇప్పటికీ గొణుగుతుంది.

హుడ్ గాలి బయటికే పోవాలి. పొయ్యి మీద మైక్రోవేవ్ బిగించి, జాలీలోంచి గాలిని తిప్పి మళ్లీ మన ముఖానికే వదిలే రకం ఎండుమిరపకాయ తాలింపు ముందు నిలవదు. ముందు బర్నర్లని కూడా కప్పేంత లోతున్న హుడ్ తీసుకోండి, ఎందుకంటే మనం వండేది ముందు బర్నర్ల మీదే. 300 నుంచి 400 సీఎఫ్‌ఎమ్ చాలు. నున్నటి ఇనుప గొట్టం, తక్కువ మలుపులు. ముడతల గొట్టం వద్దు, నూనె పట్టేస్తుంది. 900, 1200 హుడ్ చూసి మోజుపడకండి. 400 దాటితే, ముఖ్యంగా గ్యాస్ వాటర్ హీటర్ లాంటివి ఉన్న ఇంట్లో, లాగిన గాలికి బదులు గాలి వచ్చే ఏర్పాటు ఉండాలని కోడ్ అంటుంది. అది లేకపోతే హీటర్ గొట్టంలోంచి పొగ వెనక్కి ఇంట్లోకి వస్తుంది. టెక్సస్‌లో మనవాళ్లు అడిగి కట్టించుకుంటున్న స్పైస్ కిచెన్‌లో (ఘాటు వంటలకి విడిగా కట్టే వంటగది) ఇది ఇంకా తీవ్రం. చిన్న గది, తలుపు మూసి పెద్ద హుడ్ వేస్తే తలుపు తెరవడానికే బలం కావాలి. ఆ గదిలోకి గాలి వచ్చే దారి ప్లాన్‌లోనే గీయించండి.

ఈఆర్‌వీ గాలిని లాగే జాలీని పొయ్యికి ఆరడుగుల లోపు పెట్టనివ్వకండి. నూనె దాని గుండెకి, అంటే వేడిని మార్చే భాగానికి, పడుతుంది, మార్చాలంటే వందల డాలర్లు.

చేరిన తర్వాత

గృహప్రవేశం నాడు హోమానికి స్మోక్ అలారం మోగకుండా చూసుకోవడం అందరికీ తెలుసు. ఈఆర్‌వీని కూడా ఆ రెండు గంటలు ఆపండి, లేకపోతే మసి ఫిల్టర్‌కి పడుతుంది. హుడ్ వేసి కిటికీలు తీసేయండి. తర్వాత మూడు నెలలకోసారి ఫిల్టర్ చూడండి.

పదిహేను డాలర్ల తేమ మీటర్లు రెండు కొని ఒకటి వంటింట్లో, ఒకటి బెడ్‌రూమ్‌లో పెట్టండి. మొదటి చలికాలం తేమ ఎక్కువే చూపిస్తుంది, కలప, బేస్‌మెంట్ కాంక్రీటు, షీట్‌రాక్ పూత ఇంకా ఆరుతూ ఉంటాయి, ఆ ఏడాది గాలి కొంచెం ఎక్కువ నడపండి. బయట సున్నా ఫారెన్‌హీట్ దగ్గర ఉన్నప్పుడు ఇంట్లో 30 శాతం దాటనివ్వకండి, మైనస్ 20కి పోతే 20 శాతమే. గొంతు ఎండుతోందని హ్యూమిడిఫైయర్‌ని 45లో పెట్టుకుంటే, పైన వేసిన రెండు డిగ్రీల లెక్క ఏమవుతుందో మీకే తెలుసు. కిటికీ అద్దం అడుగు అంచున పొద్దున్నే నీళ్లు పడితే అదే మొదటి హెచ్చరిక.

బాత్రూమ్ ఫ్యాన్ వేసి ఒక టిష్యూ కాగితం దగ్గర పెట్టండి. అంటుకుని నిలబడాలి. నిలబడినా, ఆ గాలి ఎక్కడికి పోతోందో అది చెప్పదు. అందుకని జనవరిలో బాగా చలిగా ఉన్న ఒక ఉదయం, ఎవరో ఒకరు స్నానం ముగించగానే, టార్చి తీసుకుని అటక ఎక్కండి. ఇన్సులేషన్ తొక్కకుండా దూలాల మీద అడుగులు వేస్తూ ఫ్యాన్ గొట్టం చివరిదాకా చూడండి, తర్వాత కప్పు చెక్క మీద మేకు మొనలు. అక్కడక్కడా సన్నగా నూగు పడితే పర్వాలేదు. తెల్లటి పూసలు కట్టి ఉంటే, కిందికి దిగి ముందు అటక మూత చుట్టూ రబ్బరు పట్టీ వేయండి, తర్వాత ఆ గొట్టం అతుకు దగ్గరికి వెళ్లండి.